పాలిచ్చిందే తల్లి అని రాశాను

కంబదూరు,
ఏప్రిల్ 6.

నరసింహప్ప మామకు,

చౌడేశ్వరి రాస్తున్నది. జాబు చూడగానే ఎవరికో ఏదో అయిందని గుండె పట్టుకోవద్దు. ఇంట్లో అందరం బాగున్నాం. అమ్మ మోకాళ్లు మాత్రం ఎప్పటిలాగే అమ్మ మాట వినడం లేదు. ఫోను చేద్దామంటే మీ మొగిలికోనలో సిగ్నలు ఉండదు. ఉన్నా నీకు సగమే వినపడుతుంది, ఆ సగానికీ వేరే జవాబు చెబుతావు. పైగా ఈసారి ఫొటోలు పంపాలి. అందుకే జాబు.

మామా, మన ఊరికి ఏనుగులు వచ్చాయి. నవ్వకు, నిజం. పావగడ వైపు నుంచి వచ్చి పదిహేను రోజులుగా మన గుట్టల్లోనే ఉన్నాయి. ఎలుగుబంటి కనిపిస్తేనే వారం రోజులు చెప్పుకునే ఊరు ఇది. ఒకేసారి ఐదు ఏనుగులంటే ఎలా ఉంటుందో చూసుకో. మొదటి రోజు కొబ్బరికాయలు, కర్పూరం, దండాలు. మూడో రోజుకు ఓబిలేష్ అన్న చీనీకాయల తోటలో నలభై చెట్లు విరిగాయి. "దేవుడైతే గుళ్లో ఉండల్ల గానీ నా తోటలో ఏం పనప్పా?" అని ఆయన రోడ్డు మీద అరుస్తున్నాడు. ఆయన బాధ ఆయనది. ఈ కరువులో బోరు నీళ్లతో, డ్రిప్పుతో పసిపిల్లల్లా సాకిన చెట్లు అవి.

ఫారెస్టు రేంజరు సురేంద్ర సారు కళ్యాణదుర్గంలో ఉన్న ఫొటో స్టూడియోలన్నీ తిరిగాడట. ప్రతి ఏనుగుకూ రెండు చెవులు, తోక ఫొటో తీయాలి. ఏది ముందు నడుస్తుంది, ఏది దేని పక్కన నిలబడుతుంది, గున్న ఎవరిది, ఇవన్నీ రిజిస్టరులో ఎక్కాలి. "మా కెమెరాకు ఇన్సూరెన్సు లేదు సార్" అన్నాడట ఒకాయన. "నాకే లేదు సార్" అన్నాడట ఇంకొకాయన. నేను ఒప్పుకున్నాను. మూఢంలో పెళ్లిళ్లు లేవు, కెమెరా బ్యాగులో నిద్రపోతోంది. అంతకంటే, ఆశ పుట్టింది మామా. పదేళ్లుగా తలంబ్రాల ఫొటోలు తీసీ తీసీ చేతులు వాటంతట అవే పని చేస్తున్నాయి. మొదటిసారి ఆ పెద్దది నా ముందు వంక దాటినప్పుడు బటను నొక్కడం కూడా మరిచిపోయాను. భయం వేసింది, ఏడుపు కూడా వచ్చింది, ఎందుకో తెలియదు.

నాకు తోచిన పేర్లు పెట్టుకున్నాను. ముందు నడిచే ముసలిది పెద్దమ్మ. కుడి చెవి కింద చీలిక ఉన్నది చీలికచెవి. వయసులో ఉన్న ఆడది ఒకటి పొద్దున లేస్తే గడ్డి, దుమ్ము నెత్తిన వేసుకుని ముస్తాబవుతుంది, దానికి పెండ్లికూతురు అని పెట్టాను. చిన్న దంతాల మగది తోటి పెండ్లికొడుకు. అయిదోది గున్న, ఏడాది కూడా నిండలేదు. పన్నెండు ఫొటోలు పెట్టాను. అవి మీ అడవివేనేమో చూసి చెప్పు. నువ్వు ఫారెస్టు ఉద్యోగంలో ముప్పై ఏళ్లు వాటి మధ్యనే బతికావు, నీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది.

నీ మేనకోడలు,
చౌడేశ్వరి.


మొగిలికోన,
ఏప్రిల్ 16.

అమ్మీ చౌడీ,

రేషను జీపు తోలే జోయల్ నీ కవరు ఇచ్చాడు. మొదట ఫొటోలు చూసి మురిసిపోయాను. తర్వాత ఆ ఫొటోలు ఎంత దూరం నుంచి తీసి ఉంటావో ఆలోచించాను. ఆ పూట సంగటి గొంతు దిగలేదు. నీకు బుద్ధి ఉందా? మీ అమ్మ, మా తిరుపాలక్క, ఎట్లా పంపింది నిన్ను?

మాన్పించలేనని తెలుసు. నీది మీ నాయన మొండితనం. అందుకని చెప్పిందయినా విను. గాలి నీ వైపు నుంచి వాటి వైపు వీస్తుంటే ఇంటికి వెళ్లిపో. పౌడరు, పూలు, సెంటు వద్దు. చెవులు ఆడిస్తున్నంతసేపు వాటి మానాన అవి ఉన్నట్టు. చెవులు ఆగాయంటే నిన్ను వింటున్నట్టు. అప్పుడు వెనక్కి తిరగొద్దు, పరిగెత్తొద్దు, వాటి వైపు చూస్తూనే ఒక్కొక్క అడుగు వెనక్కి వెయ్యి. గున్న ఎంత ముద్దుగా ఉన్నా దానికీ ఇంకో ఏనుగుకూ మధ్యలో ఎప్పుడూ నిలబడొద్దు. ఇది పదిసార్లు రాయాలని ఉంది.

అవి మావే. ఆ ముసలిదాన్ని నేను ఉద్యోగంలో చేరిన ఏడు చూశాను. ఇక్కడ రెండేళ్లుగా వాగు పారలేదు. వేసవిలో ఎక్కడో నీళ్లు ఉన్నాయని దానికి ఏ కాలం నాటి గుర్తో ఉండి ఉంటుంది, అందర్నీ వెంటబెట్టుకుని బయలుదేరింది. నీళ్ల కోసం అనంతపురం పోవడం చూస్తే పెద్దతనంలో దానికీ మతి తప్పుతున్నట్టుంది.

ఆ చీలికచెవి దాన్ని కూడా ఎరుగుదును. దానికి నూరడుగుల లోపలికి పోవద్దు. ఎందుకని అడగొద్దు. నేను చెప్పను.

ఎంత దూరం నుంచి తీస్తున్నావో నిజం రాయి.

మీ మామ,
నరసింహప్ప.


కంబదూరు,
ఏప్రిల్ 23.

మామా,

నీ తిట్లు అందాయి. అమ్మకు చదివి వినిపించాను. "వాడు చెప్పినట్లు వినవే" అని ఆమె ఇంకో విడత తిట్టింది. నూరడుగుల దూరం నుంచి తీస్తున్నాను. సరేనా?

వీటిని చూస్తుంటే పొద్దు తెలియడం లేదు. వంకలో నీళ్లు లేవు కదా, పెద్దమ్మ ఇసుకను కాలితో తవ్వి చెలమ చేస్తుంది. నీళ్లు ఊరేదాకా మిగతావి వెనకాల వరుసలో నిలబడతాయి. మన పెళ్లి భోజనాల దగ్గర కూడా అంత వరుస ఉండదు. ముందు పెద్దమ్మ తాగదు, గున్నకు చోటిస్తుంది. గున్న నీళ్లు తాగడం రాక నోటితోనే బురదలో పడుతుంది. మధ్యాహ్నం ఎండలో దాన్ని నడుమ పడుకోబెట్టి నాలుగూ చుట్టూ నిలబడతాయి, నీడ కోసం. నీడ ఎటు జరిగితే అటు అవీ జరుగుతాయి. మనుషులు కూడా ఇంతగా చూసుకోరని అనిపించి మనసు ఎట్లనో అయిపోయింది.

గున్న తల్లి ఎవరో నేనే కనిపెట్టాను. సారు చీలికచెవి అనుకున్నాడు. కాదు సార్ అన్నాను. పెండ్లికూతురు దగ్గర గున్న పాలు తాగుతుండగా మూడుసార్లు ఫొటో తీశాను, ముందరి కాళ్ల మధ్య నోరు పెట్టి, కళ్లు మూసుకుని. గొర్రెలోళ్ల బిడ్డను ఊరికే అయినానా? సాయంత్రం దొడ్డి తలుపు తీస్తే రెండు వందల పిల్లల్లో ఏది ఏ తల్లిదో ఏడేళ్లప్పుడే చెప్పేదాన్ని. సారు చాలా మెచ్చుకున్నాడు. రిజిస్టరులో పెండ్లికూతురు ఫొటో కింద "తల్లి" అని రాసి నా చేత సంతకం పెట్టించాడు. గవర్నమెంటు పుస్తకంలో నా సంతకం, మామా!

కానీ ఊళ్లో పరిస్థితి బాగాలేదు. ఓబిలేష్ అన్న వాళ్లు టపాకాయలు పేలుస్తున్నారు, రాళ్లు వేస్తున్నారు. ఎవరికైనా ఏదైనా అయితే ఎట్లా అని సారుకు నిద్ర లేదు. అందుకే మే పదో తేదీన పని పెట్టారు. ఈ ఎండలో గున్న మీ అడవి దాకా నడవలేదు. కాబట్టి తల్లికి మత్తు సూది వేసి, పెంపుడు ఏనుగులతో లారీ ఎక్కించి, గున్నను అదే లారీలో పంపుతారు. మిగతా మూడింటిని డప్పులతో నెమ్మదిగా నడిపించుకుంటూ దక్షిణానికి తోలుతారు. లారీ వచ్చేది మీ మొగిలికోనకే. నేను పేరు పెట్టిన పెండ్లికూతురు మీ ఇంటికి వస్తున్నదన్నమాట.

చీలికచెవి సంగతి చెప్పనంటే ఎట్లా? నువ్వు బండ మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నావని అమ్మ చెబుతుంది. దానికీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా?

చౌడి.


మొగిలికోన,
మే 1.

చౌడీ,

ముందు ఇది చదువు, మిగతాది తర్వాత. గున్న ఎవరి దగ్గర పాలు తాగితే వాళ్లే తల్లి కాదు. గొర్రెకు ఆ లెక్క సరే. గొర్రె వాసన చూసి పరాయి పిల్లను పొడిచి తోస్తుంది. ఏనుగులకు ఆ లెక్క లేదు. చిన్నమ్మలు, అక్కలు, వయసుకు వచ్చిన ఆడవి, పాలు ఉన్నా లేకున్నా గున్నకు నోటికి అందిస్తాయి. అది ఊరట కోసం చీకుతుంది, అంతే. నీ పెండ్లికూతురు ఇంకా ఈనని పడుచు, దానికి పాలే ఉండవు. దాన్ని, గున్నను లారీ ఎక్కిస్తే గున్న మూడు రోజులు కూడా బతకదు. అసలు తల్లి అక్కడ ఎంతమందిని తొక్కుతుందో చెప్పలేను.

ముసలిదానికి ఈనే వయసు దాటింది, అసలు తల్లి చీలికచెవే. నేను ప్రమాణం చేసి చెప్పగలను.

నిన్న ఈ కాలితోనే కనుమ పైకి ఎక్కి జోయల్ ఫోను నుంచి నీకు మూడుసార్లు చేయించాను. స్విచాఫ్ అంటున్నది. అందుకే ఈ జాబు జోయల్ చేతికిచ్చి పట్నంలో స్పీడు పోస్టు చేయమంటున్నాను.

నాకెలా తెలుసు అంటావు. నువ్వు చేసిన తప్పే నేను చేశాను. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

పన్నెండేళ్ల కిందట నేను, యేసన్న వాగు గట్టున బీటు తిరుగుతున్నాం. యేసన్న నాతో పాటు పదహారేళ్లు వాచరుగా చేసినవాడు, నా కంటే మంచివాడు. దారిలో ఒక గున్న ఒక వయసు ఆడదాని దగ్గర పాలు తాగుతున్నది. చీలికచెవి వాగు ఇవతల ఒంటరిగా మేస్తున్నది. యేసన్న ఆగిపోయాడు. "అన్నా, ఆ గున్న ఎవురిదో చూసి పోదామన్నా" అన్నాడు. నేను నవ్వాను. "నేను గొర్రెలు కాసినోన్ని. తల్లి దాని పక్కనే ఉండాది, ఈ చీలికచెవి దానికి గొడవ లేదు, నడుమ నుంచి పోదాం రా" అన్నాను. పోయాం. ఇరవై అడుగులు కూడా నడవలేదు. చీలికచెవి అరవలేదు, బెదిరించలేదు, నేరుగా వచ్చింది. యేసన్న అక్కడే పోయాడు. నా కాలు పోయింది.

ఆఫీసులో ఏం రాశానో తెలుసా? ఏనుగు మదమెక్కి, కారణం లేకుండా మీద పడిందని రాశాను. యేసన్న భార్య భద్రమ్మకు అదే చెప్పాను. నిజం చెబితే ఉద్యోగం మాని ఊరికి వచ్చెయ్యమంటారని మీకు బండ కథ చెప్పాను. మదమెక్కిన ఆడ ఏనుగును ఎవరైనా చూశారా? ఒక్కరూ అడగలేదు.

నీకు చేతులు జోడించి చెబుతున్నాను. గున్న నెమ్మదిగా ఉన్నప్పుడు చూడొద్దు. బెదిరినప్పుడు ఎవరి కడుపు కిందికి పోతుందో చూడు. ఎదురు తిరిగి నిలబడేది ఎవరో చూడు. ముందరి కాళ్ల మధ్య రొమ్ములు నిండుగా ఉన్నాయో వట్టిగా ఉన్నాయో చూడు. సారుకు చెప్పు. ఈ జాబు మాత్రం నీకొక్కదానికే. ఎవరికీ చూపించొద్దు. భద్రమ్మ ఇల్లు నా ఇంటికి నాలుగో ఇల్లు. రోజూ ఎదురు పడుతుంది.

నరసింహప్ప.


కంబదూరు,
మే 5.

మామా,

జాబు నిన్న సాయంత్రం చేరింది. ఫోను స్విచాఫ్ కావడం నా తప్పే. గుట్ట దగ్గర మోగకూడదని సారు ఆర్డరు. ఇంటికి వచ్చాక తీస్తే ఏనుగులు యాడుండాయి, ఈ పక్కకొస్తాండాయా అని ఊరంతా నాకే చేస్తుంది. అందుకని ఆపే ఉంచుతున్నాను.

చదివిన వెంటనే కెమెరా తీశాను. నెల రోజుల ఫొటోలన్నీ మళ్లీ చూశాను. రెండు వేలకు పైగా ఉన్నాయి. వాటిలో గున్న బెదిరిన ఫొటో ఒక్కటి లేదు మామా. బెదిరినప్పుడల్లా నా చేయి వణికేది. వణికిన ఫొటో పెళ్లివాళ్లకు ఇవ్వం కదా, ఆ అలవాటు కొద్దీ అప్పటికప్పుడు తీసేశాను. ఉన్నవన్నీ చక్కగా, స్పష్టంగా, ముద్దుగా ఉన్నాయి. ఒక్కటీ పనికిరాదు. రొమ్ములు కనబడేట్టు కూడా లేవు. ముఖాలే తీశాను, పెళ్లికూతుళ్లను తీసినట్టు.

ఇంకా సారుకు చెప్పలేదు. తిట్టాలంటే తిట్టు. పొద్దున ఆఫీసు గుమ్మం దాకా పోయి వెనక్కి వచ్చాను. మెచ్చుకున్న మనిషి ముందు నిలబడి నాకు తెలియదు సార్ అని ఎట్లా చెప్పాలి? ఆడపిల్లను పెట్టుకున్నందుకు ఇదీ ఫలితం అని అక్కడున్నవాళ్లు అంటారు. ఆర్డరు పైనుంచి వచ్చేసింది. లారీ మాట్లాడారు, డాక్టరు వస్తున్నాడు, పెంపుడు ఏనుగులు రెండు బయలుదేరాయి. అదంతా నా ఒక్క మాట మీద నడుస్తున్నది.

గున్న మూడు రోజులు బతకదు అన్నావు. ఆ ఒక్క మాటే కళ్ల ముందు కూర్చుంది. ఒట్టి చేతులతో పోతే నమ్మరు. రేపు, ఎల్లుండి వంక దగ్గరే ఉంటాను. వణికినా సరే, తీస్తాను.

ఇంకొకటి. నూరడుగులు అని రాశాను కదా. అబద్ధం. పదిహేను అడుగుల దూరం నుంచి తీస్తున్నాను. చీలికచెవికీ గున్నకూ మధ్య ఎన్నిసార్లు నిలబడ్డానో లెక్క లేదు.

చౌడి.


కంబదూరు,
మే 9, మధ్యాహ్నం.

మామా,

ఇది నీకు చేరేసరికి రేపటి పని అయిపోయి ఉంటుంది. అయినా రాస్తున్నాను. రాయకపోతే ఈ సాయంత్రం గడిచేట్టు లేదు.

మొన్న పొద్దున చెలమ దగ్గర ఉన్నాను. గున్న పెండ్లికూతురు దగ్గరే చీకుతున్నది. ఓబిలేష్ అన్న తోట వైపు నుంచి టపాకాయల సరం పేలింది. ఒక్క క్షణం మామా. గున్న పెండ్లికూతురిని వదిలేసి, పెద్దమ్మను దాటి, నేరుగా చీలికచెవి కడుపు కిందికి దూరింది. నవ్వు రావాలో ఏడుపు రావాలో తెలియలేదు, పెండ్లికూతురు కూడా పరిగెత్తి చీలికచెవి వెనకాలే దాక్కుంది! అదీ ఒక పిల్లే. నువ్వు రాసిన ఆనాటి గున్న ఇదేనేమో అనిపించింది. చీలికచెవి నా వైపు తిరిగింది. చెవులు ఆగాయి. నువ్వు చెప్పినట్టు దాన్నే చూస్తూ ఒక్కొక్క అడుగు వెనక్కి వేశాను. కెమెరా కళ్ల దగ్గర కూడా పెట్టుకోలేదు, రొమ్ము దగ్గరే పెట్టుకుని నొక్కుతూ పోయాను. అన్నీ వంకర. సగం దుమ్ము. ఒక దానిలో మాత్రం గున్న నోరు, తల్లి నిండు రొమ్ము, కారుతున్న పాలు ఉన్నాయి. నా జీవితంలో తీసిన వాటిలో ఇంత వికారమైన ఫొటో లేదు. దాన్నే ప్రింటు తీయించి సారు బల్ల మీద పెట్టాను.

సారు దాన్ని చూశాడు. "తల్లి అని సంతకం పెట్టింది మీరే కదమ్మా" అన్నాడు. "నేనే సార్. తప్పు చేసినాను" అన్నాను. కోప్పడ్డాడు. కోప్పడాలి కూడా. తర్వాత ఆ ఫొటో తీసుకుని, మనుషుల మీద పడిన ఏనుగుల పాత జాబితా తెరిచాడు. కుడి చెవి కింద చీలిక. మనిషిని చంపినది. కారణం లేకుండా దాడి చేసేది. అప్పుడు చెప్పాడు, "ఇదే తల్లి అయితే సూది వేసి పట్టుకున్నాక దీన్ని మళ్లీ అడవిలో వదలడానికి నాకు వీల్లేదు. శిబిరానికి పంపి గొలుసులు వేయిస్తాను, గున్నతో సహా. మనిషిని చంపినదాన్ని వదిలి, రేపు ఇంకొకరు పోతే ఎవరు జవాబు చెబుతారు?"

మామా, నీ జాబు నా బ్యాగులో ఉంది.

ఎవరికీ చూపించొద్దన్నావు. పావుగంట అక్కడే నిలబడ్డాను. నీ ముఖం గుర్తొచ్చింది. పింఛను గుర్తొచ్చింది. భద్రమ్మ ఎవరో నాకు తెలియదు, ఆమె కూడా గుర్తొచ్చింది. తర్వాత తీసి ఇచ్చాను. సారు నిలబడే రెండుసార్లు చదివాడు. "ఈయన ఎక్కడ ఉంటారు?" అన్నాడు. "మీరు లారీ పంపించే చోటనే సార్" అన్నాను. జిరాక్సు తీయించుకుని పైవాళ్లతో రెండు గంటలు ఫోనులో మాట్లాడాడు. తలుపు బయట బెంచీ మీద కూర్చుని ఒక్కటే దండం పెట్టుకున్నాను. చివరికి వచ్చి రిజిస్టరు తెరిచి, పాత మాట నా చేతనే కొట్టేయించి, పక్కన "పొరపాటు" అని రాయించి మళ్లీ సంతకం పెట్టించాడు.

చీలికచెవిని వదలడానికి ఒప్పుకున్నారు. రేపు పొద్దున ఆరింటికి నేనే డాక్టరు పక్కన నిలబడి ఏది తల్లో వేలు పెట్టి చూపించాలట. దుమ్ములో నాలుగూ ఒక్కటిగా కనిపిస్తాయి. "వేలు తప్పితే" అన్నాడు సారు, పూర్తి చేయలేదు.

రేపటి పనికి ఎంత భయపడుతున్నానో, నీకూ అంతే భయపడుతున్నాను. నన్ను నమ్మి రాసిన మాటను బల్ల మీద పెట్టాను. తప్పని తెలుసు. అదే పరిస్థితి మళ్లీ వచ్చినా అదే చేస్తాను. తిట్టు, కానీ జాబు రాయడం మానొద్దు.

నీ చౌడి.


మొగిలికోన,
మే 17.

అమ్మీ చౌడీ,

నీ జాబు కంటే ముందు లారీ వచ్చింది. పదకొండో తేదీ పొద్దున ఎనిమిదింటికి వాగు దగ్గర ఆపారు. కట్టె పట్టుకుని అక్కడే నిలబడ్డాను. లారీ తలుపు తీసేదాకా నా ప్రాణం నాలో లేదు. ముందు కుడి చెవి కనిపించింది. చీలిక. అమ్మయ్య అనుకున్నాను.

అయినా అప్పుడే అయిపోలేదు. మత్తు పూర్తిగా దిగలేదు దానికి. గున్న రొమ్ము దగ్గరికి వస్తే కాలితో పక్కకు తోసింది. రెండోసారీ తోసింది. మనుషుల వాసన గున్నకు పట్టేసిందేమో, ఇక రానివ్వదేమో అని డాక్టరు గోళ్లు కొరుక్కుంటున్నాడు. నాలుగు గంటలు, ఎవరం అక్కడి నుంచి కదలలేదు. పన్నెండు దాటాక అది వాగు గుంటలో నీళ్లు తాగి, ఒంటి మీద చల్లుకుని, గున్న మీద కూడా చల్లింది. అప్పుడు రానిచ్చింది. ఎంతసేపు తాగిందంటే జోయల్ నిలబడే కునికాడు.

లారీ వాళ్లు నీ గురించి చెప్పారు. "ఆయమ్మ వేలు పెట్టి చూపిస్తే సూది నేరుగా తగిలినాది సామీ, చెయ్యి మాత్రం అదరలేదు" అన్నాడు ఒకాయన. నీ పెండ్లికూతురు లారీ వెనకాల తారు రోడ్డు మీద రెండు కిలోమీటర్లు పరిగెత్తిందట. పెద్దమ్మ పిలిస్తే ఆగిందట. మూడూ నడుస్తున్నాయి, మదనపల్లె దాటాయని నిన్న కబురు. ఇక్కడ చీలికచెవి సాయంత్రమైతే ఉత్తరం వైపు తిరిగి నిలబడుతున్నది. నేనూ అటే చూస్తున్నాను.

సోమవారం నీ జాబు వచ్చింది. నిజం చెబుతున్నాను, కోపం వచ్చింది. ఒక రోజంతా అన్నం తినలేదు, నిన్ను తిట్టని తిట్టు లేదు. ఆఫీసులో ముగ్గురు చదివారంటే మూడు వారాల్లో ఈ కోనకు చేరుతుంది. ఇంకెవరి నోటి నుంచో భద్రమ్మ వినకూడదు. ఆ భయంతోనే పోయాను, ధైర్యంతో కాదు. పోవలసింది పన్నెండేళ్ల కిందట. నువ్వు తోస్తేనే పోయాను.

భద్రమ్మ వాకిట్లో చింతపండు గింజలు తీస్తున్నది. ఎదురుగా నిలబడే మొత్తం చెప్పాను. యేసన్న ఆగిందీ, చూసి పోదామన్నదీ, నేను నవ్విందీ, అన్నీ. ఆమె చేతులు ఆగలేదు. గింజ తీస్తున్నది, గంపలో వేస్తున్నది. చెప్పడం అయిపోయాక అడిగింది:

"మొన్న లారీలో దిగింది అదేనా?"

"అదే."

"దానికి పిల్ల ఉండాదంట గదా."

"ఉండాది."

చేతిలో చింతపండు కింద పెట్టి నా వైపు చూసింది. "పన్నెండేండ్లు ఆ ఏనుగునే తిట్టినా నరసింహప్పా. పొద్దున లేస్తే దాన్నే, పండుకునేటప్పుడు దాన్నే. ఇప్పుడు నిన్ను తిట్టల్లంటే మళ్లా మొదట్నుంచి మొదలుపెట్టల్ల" అంది.

కట్టె తీసుకుని కదలబోయాను.

"యాడికి పోతాండావు? కూచో" అంది.

కూర్చున్నాను. మొదలుపెట్టింది.

మీ మామ,
నరసింహప్ప.